మా అమ్మ పేరుకు షష్ఠీ విభక్తి

నాకు చిన్నప్పటి నుంచీ ఒకచోట నిలకడగా కూర్చునే అలవాటు లేదు. కూర్చుంటే కాలు ఊగుతుంది. కాలు ఆపితే చేతిలో పెన్ను తిరుగుతుంది. "ఆ కాలు నిలుపు మే, మంచమంతా ఊగుతాండాది" అని మా అమ్మ ఇప్పటికీ కసురుతుంది. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే రోజుల్లో బల్ల వెనక నిలబడి పాఠం చెప్పింది తక్కువ. బెంచీల మధ్య తిరుగుతూనే చెప్పేదాన్ని. ఉద్యోగమూ నాలాంటిదే. ప్రతి జూన్‌లోనూ కరెస్పాండెంటు గారి గది ముందు నిలబడి, ఈ ఏడు కూడా ఉన్నానో లేదో కనుక్కొని రావాలి.

మా అమ్మ పుట్టిల్లు వేంపల్లె అవతల, గండికి పోయే వైపు, కొండ కింద ఒక చిన్న ఊరు. గొర్రెలూ మేకలూ మేపుకొనే ఇల్లు. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక మా నాయన మగ్గం పక్కన కూర్చొని కండెలు చుట్టడంలోనే ఆమె వయసంతా గడిచింది. నాయన పోయినాక మగ్గం తీసేశాం. ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

ఒక ఏడు తొలకరి పడగానే అమ్మ పుట్టింటికి పోదామంది. పోయినాం. సాయంత్రం కాళ్లు ఊరుకోక నేను కొండ వైపు నడుస్తుంటే, తనూ వస్తానని వచ్చింది. నాకంటే ముందు నడుస్తున్నదల్లా ఉన్నట్టుండి కూలబడింది. కాలు బెణికిందేమో అనుకొని పరుగెత్తాను. ఆమె ఒక పుల్ల తీసుకొని నేల తవ్వుతోంది. జానెడు కూడా లేని మొక్క. దాని కింద నుంచి నిమ్మకాయంత గడ్డను పెరికి, మట్టి కొంగుతో తుడిచి, కొరికింది.

"ఏంది మా అది?"

"గడ్డ. చిన్నప్పుడు మేకలెంబడి వస్తే ఇదే తింటాంటిమి. శానా దినాలైపాయ. తిను, పులపుల్లగా బాగుంటాది."

నేను ఆమె రెండో చేతిలోని మొక్కను చూస్తున్నాను. చొక్కా గుండీ అంత పువ్వు. ముదురు ఊదారంగు. ఐదు సన్నని రెక్కలు, వాటి కొనలు పైకి పోయి ఒకదాన్నొకటి పట్టుకొని చిన్న బుట్టలా ఉన్నాయి. ఈ జాతి మొక్కల మీదే నేను పరిశోధన చేశాను. దీని అక్కచెల్లెళ్లను చాలా చూశాను. దీన్ని మాత్రం చూడలేదు, ఎక్కడా చదవలేదు.

"మా, మింగొద్దు!" అని అరిచాను.

"యాల? విషమా?"

"విషం కాదు. అదేందో నాకు తెలీదు."

"నాకు తెల్సు గదా" అని అమ్మ మిగిలిన సగం కూడా నోట్లో వేసుకుంది.

ఆ మొక్క కొత్తదని తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది. పాత నమూనాలన్నీ తిరగేయాలి, దగ్గరి జాతులతో పోల్చాలి. నాకు పరిశోధన నేర్పిన గురువు గారు అప్పటికే రిటైరయ్యారు. ఫోన్‌లో "తొందరపడమ్మా, ఇంకెవరైనా చూసి ఉంటే వాళ్లు ముందు ప్రకటిస్తారు" అనేవారు. అసలే నిలకడ లేని నన్ను ఆ మాట నిలవనిచ్చేది కాదు. రెండు పేజీలు రాయడం, లేచి వీధి చివరిదాకా నడవడం, వచ్చి మళ్లీ రెండు వాక్యాలు కొట్టేయడం. చివరికి వ్యాసం పత్రికకు పంపాను. మొక్కకు మా అమ్మ పేరు పెట్టాను.

మొక్కల శాస్త్రీయ నామానికి రెండు మాటలుంటాయి. మొదటిది వంశం లాంటిది. రెండోది ఆ మొక్క సొంత పేరు. మనిషి పేరు పెడితే ఆ పేరు చివర లాటిన్ వాళ్ల షష్ఠీ విభక్తి చేర్చాలి, 'ఫలానా వారి మొక్క' అని అర్థం వచ్చేలా. ఇంతకుముందు పెట్టిన పేర్లను చూసి నేనూ అలాగే మా అమ్మ పేరు చివర 'ఇ' చేర్చి పంపాను. కొన్నాళ్లకు పత్రిక తరఫున వ్యాసం చదివిన పరిశీలకుల దగ్గర నుంచి జవాబు వచ్చింది. కాయ వివరాలు కూడా కావాలన్నారు. కింద ఇంకో ప్రశ్న ఉంది: ఈ పేరు గల వ్యక్తి పురుషుడా? స్త్రీ అయితే చివర 'ఏ' రావాలి కదా?

అంటే మా అమ్మను మగమనిషిని చేసి పంపాను. ఆ ఒక్క అక్షరం దిద్దడానికి క్షణం చాలు. దిద్దాను కూడా. కానీ మనసు నిలవలేదు. ఎందుకు 'ఏ'? ఎక్కడి నుంచి వచ్చింది? అర్థం కాకుండా చూసి రాసినందుకే గదా తప్పు పడింది? ఇంటర్నెట్‌లో పట్టికలు దొరికాయి. ఒక్కో నామవాచకానికి పది పన్నెండు రూపాలు, వర్గాలు ఐదు. ఉదయం బట్టీపట్టినవి సాయంత్రానికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి.

మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్ ఆదివారం చర్చికి పోయే మనిషి. నా గోల విని, "జమ్మలమడుగులో ఒక ముసలి ఫాదర్ ఉండాడు. పాతకాలం సెమినరీలో చదివినాడు. ఆయప్పకు లాటిన్ వచ్చు" అన్నాడు. ఆ శనివారమే బస్సెక్కాను.

ఊరి చివర చర్చి పక్కన రెండు గదుల ఇల్లు. వరండాలో పడక్కుర్చీలో ఎనభై దాటిన మనిషి చాటలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చి మా జిల్లాలో ముసలివారైనా మాట మాత్రం ఆ పక్కదే. నేను వచ్చిన పని చెప్పగానే చేయి ఆగిపోయింది.

"లాటినా? నీకెందుకమ్మా? మేమే వదిలేశాం. పూజలన్నీ తెలుగులోకి వచ్చి ఎన్నేళ్లైందో."

"ఒక మొక్కకు మా అమ్మ పేరు పెట్టాలి ఫాదర్. తప్పు పెట్టాను."

ఆయన చాట నా వైపు జరిపారు. "ఒలుస్తూ కూర్చో. తెలుగు విభక్తులు వచ్చా?"

బళ్లో నేర్చిన వరస నోటికి రానే వచ్చింది. డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని మొదలుపెట్టి, కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"అక్కడ ఆగు. 'అమ్మ యొక్క' అన్నా షష్ఠే, 'అమ్మకు' అన్నా షష్ఠే అంటున్నావు. రెండూ ఒకే గూట్లో పెట్టావు. లాటిన్ వాళ్లకూ కొన్ని మాటల్లో అంతే. మీ అమ్మ పేరు తర్వాత చూద్దాం. ముందు 'అమ్మ' అనే మాటనే లాటిన్ మాట అనుకో. అచ్చం వాళ్ల మొదటి వర్గం మాటలాగే 'అ'తో ముగుస్తోంది. అమ్మ వచ్చింది అంటే, అమ్మ. అమ్మ యొక్క చీర, అమ్మే. అమ్మకు ఇచ్చాను, అదీ అమ్మే. అమ్మను చూశాను, అమ్మామ్. అమ్మతో వచ్చాను, అమ్మా అని దీర్ఘం."

"పిలవాలంటే?"

"అమ్మ అనే. పిలుపులో దీర్ఘం తీసేది మనమే" అని నవ్వారు.

నాకు ఆ పూట అర్థమైంది కొంచెమే అయినా, ఆ కొంచెం గట్టిగా పట్టుకుంది. తెలుగులో మాట మాటలాగే ఉంటుంది. దాని వెనక ఒక ముక్క అతికిస్తాం. మేకకు, మేకలకు: ఆ 'కు' ఒక్కటే, ఒక మేకైనా మందైనా. లాటిన్‌లో ఎన్ని మేకలన్నదీ, ఆ మేక వాక్యంలో ఏం చేస్తోందన్నదీ ఒకే తోకలో కరిగిపోయి ఉంటాయి. మేక కాప్రా. మేకకు ఇస్తే కాప్రే. మేకలకు ఇస్తే కాప్రిస్. తోక ఊడదీసి మూల పదాన్ని పక్కన పెడదామంటే కుదరదు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. "చూడు మా, అమ్మ యొక్క అనాలంటే ఆ భాషలో అమ్మే అంటారంట."

సంగటి కెలుకుతున్న అమ్మ తెడ్డు పట్టుకొనే వెనక్కి తిరిగింది. "అమ్మే ఏంది? నన్ను అమ్ముతాండావా?"

ఆ రోజు నుంచి కాయల కోసం వానలకు ఎదురుచూడటం, శనివారాలు జమ్మలమడుగు బస్సు, ఈ రెండే నా పని. బస్సులో కిటికీ పక్కన కూర్చొని పెదాలు కదిలిస్తూ రూపాలు చెప్పుకునేదాన్ని. ఒకసారి పక్క సీటులోని ముసలామె నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఏ దేవుని జపం మా? కాలు కూడా ఊపుతాండావు" అంది.

ఫాదర్ పుస్తకం పెట్టి చెప్పలేదు. ఆయన దగ్గర అసలు పుస్తకం లేదు. ముందు రోజు నేనేం చేశానో అడిగి దాన్నే లాటిన్ చేసేవారు. ఒక జల్లు పడిందని కొండకు పోయి, గుర్తు పెట్టిన మొక్క దగ్గరికి నేను చేరేసరికి ఒక మేక దాని పువ్వును కొరికేసి నిలబడి ఉన్న సంగతి ఏడుపు మొహంతో చెప్పాను. ఆయనకు మంచి పాఠం దొరికింది.

"కాప్రా ఫ్లోరెమ్ ఏదిత్. మేక పువ్వును తిన్నది. ఫ్లోరెమ్ కాప్రా ఏదిత్ అని తిప్పు. ఏమైంది?"

"పువ్వును మేక తిన్నది. అదే అర్థం."

"మన తెలుగులాగే. ఏ మాట ముందున్నా తినేది మేకే. ఇప్పుడు తోకలు మార్చు. ఫ్లోస్ కాప్రామ్ ఏదిత్."

నేను ఒక్క క్షణం ఆలోచించి ఫక్కున నవ్వాను. పువ్వు మేకను తినేసింది.

"మరి పువ్వు ఫ్లోస్ అయితే పువ్వును అనేటప్పుడు ఫ్లోరెమ్ ఎందుకు ఫాదర్? ఆ 'ర్' యాడి నుంచి వచ్చింది?"

"నువ్వు 'ఇల్లు కప్పు' అంటావా, 'ఇంటి కప్పు' అంటావా?"

"ఇంటి కప్పు."

"ఆ 'టి' ఎక్కడి నుంచి వచ్చింది? నోరు నోటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది. చిన్నప్పుడు నిన్నెవరైనా కూర్చోబెట్టి నేర్పారా? రోమా పిల్లలకు కూడా ఎవరూ నేర్పలేదు. ఫ్లోస్, ఫ్లోరిస్. వేరు రాదిక్స్, వేరు యొక్క రాదీచిస్. షష్ఠి రూపం చూస్తేనే ఆ మాట అసలు ఒళ్లు కనబడుతుంది. అందుకే నిఘంటువులో మాట పక్కనే షష్ఠి వేస్తారు."

నన్ను విసిగించింది కాప్రే. మేక యొక్క అన్నా కాప్రే, మేకకు అన్నా కాప్రే, మేకలు వచ్చాయి అన్నా కాప్రే. "మూడింటికీ ఒకటే అయితే ఏదో ఎట్లా తెలుస్తుంది?" అని గట్టిగానే అడిగాను.

"వాక్యం అయిపోయేదాకా ఆగితే తెలుస్తుంది."

"ఆగడం నాకు రాదు ఫాదర్."

"తెలుస్తూనే ఉంది. ఇందాకటి నుంచి ఆ కాలు చూస్తున్నా."

ఆ ఏడు గట్టి వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చాక అమ్మా నేనూ మళ్లీ కొండెక్కాం. ఈసారి అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను, తినకూడదని. నవ్వుకుంటూనే ఒట్టు వేసింది. కాయలు దొరికాయి, పొట్లకాయను చిన్నది చేసినట్టు సన్నగా, జంటలుగా. వివరాలు రాసుకున్నాను. కొన్నేళ్ల క్రితమే నియమం మారింది. కొత్త మొక్క లక్షణాలు ఇంగ్లీషులో రాస్తే చాలు. అయినా లాటిన్‌లో కూడా ఒక వాక్యం పెట్టాలని నాకు పట్టుదల. ఫాదర్ దానికి తృతీయ నేర్పారు. 'పూలతో' అనడానికి పక్కన వేరే మాట అక్కర్లేదు, ఫ్లోరిబుస్ అంటే ఆ చివర్లోనే 'తో' ఉంది. ఆకులతో, వేరుతో, పూలతో అని ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ పోవడమే మొక్క వర్ణన. వ్యాసం సిద్ధమైంది. పంపడమే తరువాయి.

అప్పుడు కరెస్పాండెంటు గారు పిలిపించారు. జూన్ కాకుండా ఆ గదికి పోవడం అదే మొదలు. ఇంగ్లీషు లెక్చరర్ ఏదో సందర్భంలో నా మొక్క మాట ఆయన చెవిన వేశాడట.

"రా మ్మా, కూర్చో. కొత్త మొక్క కనుక్కుంటివంట గదా. మన కాలేజీకి శానా పేరు." టీ తెప్పించారు. తర్వాత గోడ మీది ఫోటో వైపు చూపించారు. తలగుడ్డ చుట్టుకున్న మనిషి. "మా నాయన. ఈ కాలేజీ ఉండే జాగా ఆయప్ప శెనక్కాయ పండించిన చేను. సంతకం గూడా రాదు. పిల్లోళ్లు చదువుకోవాల అని ఇచ్చేసినాడు. ఆయన పేరు బిల్డింగు మీద రాయిస్తి. సున్నం కొట్టినప్పుడల్లా మళ్లీ రాయించాల. మొక్కకు పెడితే ఎప్పటికీ పోదంట గదా?"

"పోదు సార్."

"అయితే ఆయన పేరు పెట్టు మ్మా. నువ్వు ఇంగ జూన్ జూన్‌కు నా రూము కాడికి రావాల్సిన పని లేదు. పర్మనెంటు చేస్తా."

ఆయన బెదిరించలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నిజంగానే తండ్రి మీద ప్రేమతో అడుగుతున్నారు. బెదిరించి ఉంటే నాకు సులువయ్యేది.

ఆయన జేబులోంచి కాగితం తీశారు. ఎవరినో అడిగి తెలుసుకున్నట్టున్నారు. "మగోళ్ల పేరుకు చివర 'ఇ' అంట, ఆడోళ్లకు 'ఏ' అంట. సరేనా?"

సరే అనేసి లేచి రావచ్చు. కానీ నా నోరు కూడా నా కాలు లాంటిదే. "మీ నాయన పేరు 'అయ్య'తో ముగుస్తుంది గదా సార్. 'అ'తో ముగిసే పేరైతే మగవాళ్లదైనా 'ఏ'నే వస్తుంది. రూలు అట్లుంది" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. "మా నాయనకు ఆడోళ్ల తోకనా?"

అక్కడ నేను ఊరుకుంటే ఆ కథ అక్కడికే ముగిసేదేమో. ఊరుకోలేకపోయాను. ఆయన నొచ్చుకోవడం చూడలేక, "అట్లని కాదు సార్. లాటిన్‌లో రైతు అనే మాట కూడా అంతే. అగ్రీకొలా. మాట తోక ఆడవాళ్ల మాటల మాదిరే ఉంటుంది, మనిషి మాత్రం మగవాడే. రైతు యొక్క అంటే అగ్రీకొలే" అని చెప్పేశాను.

ఆయన ఫోటో వైపు తిరిగారు. "రైతు అనే మాటకే అట్లుందా? అయితే మా నాయనకు అదే సరి. పెట్టు మ్మా, అదే పెట్టు."

నా గొయ్యి నేనే తవ్వుకొని బయటికి వచ్చాను.

ఆ శనివారం జమ్మలమడుగులో వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ ఫాదర్‌కు అంతా చెప్పాను. ఆయన తన తల్లి సంగతి చెప్పారు. లాటిన్ పూజలు ఉన్న కాలంలో ఆయన కొత్తగా ఫాదర్ అయ్యారట. పూజలో ఒకచోట బతికున్నవాళ్ల పేర్లు లోలోపల తలచుకోవాలి. అది షష్ఠిలో ఉంటుందట, ఫలానా వారిని మరిచిపోవద్దు దేవా అన్నట్టు. రోజూ అక్కడ తన తల్లి పేరు అనుకునేవారు. తల్లి ముందు వరసలోనే మోకరిల్లి ఉండేది. పూజ అయ్యాక ఇంటికి వచ్చి, "నా పేరు ఎక్కడ చదివావురా? నాకు వినబడలేదే" అనేదట.

"మీరేమన్నారు?"

"చదివాను అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. తర్వాత తెలుగు పూజ వచ్చింది. అప్పటికి ఆవిడ లేదు." మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టారు. "నేను వ్యాకరణం చెప్పగలను తల్లీ. రెండు పేర్లకూ రూపం సరైందే. ఏది పెట్టాలో నేను చెప్పకూడదు."

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఆయన నాయన పేరే పెట్టు. నీకు నిలకడైన ఉద్యోగం వస్తాది. నా పేరు ఆ గడ్డికెందుకు మే? ఊర్లో తెలిస్తే నవ్వుతారు."

"గడ్డి కాదు మా."

"ఏదో ఒకటి. నా పేరు గల్లోళ్లు ఈ వీధిలోనే శానామంది ఉండారు. అది నేనే అని ఎవురికి తెలుస్తాది?"

"నువ్వే అని వ్యాసంలో రాస్తాను."

"అది ఎవురు సదువుతారు?"

నిజమే. ఎవరు చదువుతారు? పేరు ఒక్కటే తిరుగుతుంది. అయినా ఊరుకోలేక ఆ 'ఏ' సంగతి మళ్లీ చెప్పాను. మా అమ్మ పేరు 'ఇ'కారంతో ముగుస్తుంది. అలాంటి పేరు చివర 'ఏ' ఉంటే అది తప్పకుండా ఆడమనిషి పేరే. యాడ దేశంలో ఎవరు చూసినా, మన భాష రాకపోయినా, మన పేర్లు ఏవి ఆడవో ఏవి మగవో తెలియకపోయినా, ఆ తోక చూసి తెలుసుకుంటారు.

అమ్మ చేయి ఆగింది. "ఊరు తెలీకపోయినా?"

"తెలీకపోయినా."

"నా మొహం చూడకపోయినా? ఈ గడ్డ ఒక ఆడమనిషి పేరు మింద ఉండాది అని తెలుస్తాదా?"

"తెలుస్తాది."

చాటను ఒకసారి కుదిపి, ఇంకో రాయి ఏరి పారేసింది. "మేకలెంబడి పోయినోళ్లలో ఆడోళ్లే ఎక్కువ. మగోళ్లు గొర్రెలెంబడి పోతాంటిరి" అంది. ఆ గడ్డ ఎరిగింది ఆడవాళ్లే అంటోందని నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే మళ్లీ అంది. "ఉండనీ అయితే. నా పేరే ఉండనీ."

మరుసటి రోజే వ్యాసం పంపాను. కరెస్పాండెంటు గారికి పోయి చెప్పాను. మొక్కను మా అమ్మే చూపించిందని, పేరు ఆమెదేనని. ఆయన కోప్పడలేదు. "సరే మ్మా" అన్నారు. జూన్‌లో ఆ గది ముందు నిలబడితే, ఈసారి బోటనీకి పిల్లలు తక్కువున్నారన్నారు. అది కొంత నిజమే. కొంతే.

ఆ తర్వాతి నెలలు ఎట్లా గడిచాయో తలచుకుంటే ఇప్పటికీ అరికాళ్లలో జిల పుడుతుంది. ఇంట్లో ఉండలేను, బయట పని లేదు. ప్రొద్దుటూరు వీధులన్నీ నడిచాను. దసరా దాటినాక పులివెందులలో ఒక జూనియర్ కాలేజీలో చోటు దొరికింది. తెల్లారకముందే బస్సు, చీకటి పడ్డాక ఇల్లు. జీతం పాతదానికంటే తక్కువ. అయితే కిటికీలోంచి మా అమ్మ కొండలు కనబడతాయి.

వ్యాసం అచ్చయింది. ప్రింటు తీసుకొని ఫాదర్ దగ్గరికి పోయాను. భూతద్దం పెట్టి ఒక్కో మాట చూశారు. మా అమ్మ పేరు దగ్గర ఆగి, ఆ చివరి 'ఏ'ను పైకి చదివారు. తలూపారు. తర్వాత లాటిన్ వాక్యంలోకి దిగారు. వేరుతో, సరే. ఆకులతో, సరే. ఉన్నట్టుండి భూతద్దం ఆగిపోయింది.

"ఫ్లోరిబుస్ పార్వుస్ అని రాశావేమిటమ్మా?"

చిన్న పూలతో. పార్వుస్ కాదు, పార్విస్ కావాలి. తెలుగులో చిన్న పువ్వు, చిన్న పూలు, చిన్న పూలతో, ఆ 'చిన్న' ఎప్పుడూ కదలదు. లాటిన్‌లో విశేషణం కూడా పూలతో పాటు విభక్తి మారాలి. రెండింటి చివరా 'ఉస్' వినబడేసరికి అవి కలిశాయనుకున్నాను.

"ఇంక దిద్దలేమా ఫాదర్?"

"అచ్చయిందిగా" అని ఆయన పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. మంచినీళ్లు ఇచ్చాను. "నేను రాసిన మొదటి పరీక్షలో ఇదే తప్పు, ఇదే మాట కాదుగానీ ఇదే తప్పు. రెండు 'ఉస్'లు కనబడితే చాలు, అతికించేసేవాణ్ణి."

ఆ చలికాలమే ఆయన్ను గుంటూరు వైపు ముసలి ఫాదర్ల ఆశ్రమానికి తీసుకుపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. వినికిడి తగ్గింది. నేనెవరో గుర్తు చేయాలంటే "పార్వుస్" అని గట్టిగా అరవాలి.

ఇంకో ప్రింటు అమ్మ తీసుకొని పుట్టింటికి పోయింది. నేనూ వెంట పోయాను. ఆమె అక్క, మా పెద్దమ్మ, గడప మీద కూర్చొని చుట్టూ చేరినవాళ్లకు ఆ కాగితం చూపించింది. పువ్వు బొమ్మ గుర్తుపట్టింది. అమ్మ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను.

"మరి నా పేరు యాడ?" అంది పెద్దమ్మ.

"నీ పేరెందుకు?" అంది అమ్మ.

"ఆ గడ్డ యాడ ఉంటాదో నీకు చూపించింది ఎవురు? నువ్వు నా కొంగు పట్టుకొని ఏడ్చుకుంటా వచ్చేదానివి. ఇద్దరం తవ్వితిమి, ఇద్దరం తింటిమి. పేరు నీ ఒక్కదానికేనా?"

అమ్మ నా వైపు చూసింది. పెద్దమ్మా చూసింది. ఇద్దరు ఆడవాళ్లను కలిపి చెప్పడానికి లాటిన్‌లో వేరే షష్ఠి ఉంది, 'ఆరుమ్' అని. వాళ్ల పుట్టింటి పేరుకు అది చేరిస్తే ఆ ఇంటి అక్కచెల్లెళ్లది అన్నట్టు. పెద్దమ్మ సంగతి ముందే తెలిసి ఉంటే అదే పెట్టేదాన్ని. అచ్చయిన పేరు ఇక మారదు. ఆ మాట పెద్దమ్మకు చెబితే, "మారదంటే ఎట్ల మే? నువ్వే గదా పెట్టినావు" అని కోపంగా లేచి లోపలికి పోయింది.

అప్పటి నుంచి వాన పడిన ప్రతి ఆదివారం పులివెందుల బస్సెక్కి కొండ చుట్టూ తిరుగుతున్నాను. పోయిన నెల ఒక వాగు ఒడ్డున తెలియని ఆకు ఒకటి కనబడింది. పువ్వు ఇంకా రాలేదు. పెద్దమ్మ ఫోన్ చేసి అడుగుతోంది, పూసిందా అని.